తుమర్థకమును ఆంగ్లేయుల ‘ఇట్టు’ను
(బందరున వెలసిన యొక వ్యాకరణమును గూర్చిన విమర్శనము)

‘ఇట్ ఈజ్ గుడ్ ఫర్ హిమ్ టు గో’ అను నేడుమాటల యాంగ్లవాక్యమును తెనుఁగు చేయుమని బందరులోఁ గాని గుడివాడలోఁ గాని యున్నత పాఠశాలా విద్యార్థి కిచ్చినచో, అతఁడు తఱచుగా వ్రాయునది ‘అది అతని కొఱకుఁ బోవుటకు మంచిది’ యని. పండితుఁడు చూచి ‘అది’ యను పదమును గొట్టివేయును. ‘పోవుటకు’ అనుదానిని ‘పోవుట’ యని దిద్దును. అప్పుడు మిగిలిన వాక్యము ‘అతని కొఱకుఁ బోవుట మంచిది’. ఇందు విభక్తి తప్పలేదు, సంధి తప్పలేదు, క్రియ తప్పలేదు. మార్కులు పడును. కాని యర్థము తలక్రిందయ్యెను. ఆంగ్లమునఁ బోవలసినవాఁడు అతఁడే. తెనుఁగున నతఁ డింటఁ గూర్చుండియుండఁగా వేఱొకఁ డతనికై పోవుచున్నాఁడు.

ఇట్టి తప్పు శబ్దమునందుఁ గాక వాక్యమునందుండుటచే మన పాఠశాలలలోఁ జదివింపఁబడు వ్యాకరణముల కది చిక్కదు. బాలవ్యాకరణము (1858) పది పరిచ్ఛేదముల గ్రంథము. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు నందు లేని శబ్దవిచారము లేదనవచ్చును; కాని వాక్యమునకై వేఱు పరిచ్ఛేదము లేదు. కారక పరిచ్ఛేదము విభక్తుల యర్థమును జెప్పును. క్రియాపరిచ్ఛేదము క్రియారూపములను నిర్ణయించును. ఒక వాక్యము మఱియొక వాక్యపుఁ గడుపులోఁ జొచ్చినపు డేమగునో చెప్పు పూనిక యా గ్రంథమునకు లేదు. చిన్నయసూరి కాలమున నా యవసరము గలుగలేదు. తెనుఁగు వ్రాయువాఁడు తెనుఁగుననే తలఁచి వ్రాయుచుండెను గనుక వాక్య మతనికి వీపున మోయఁబడి వచ్చినది. ఆంగ్లమునఁ దలఁచి తెనుఁగున వ్రాయు తరము పుట్టిన పిదపనే యీ లోపము లోపముగాఁ గనఁబడినది.

ఆంగ్లవాక్యమునకుఁ గర్తృపద మనివార్యము. కర్త లేనిచోట నైనను ‘ఇట్’ అను నొక యూఁతపదమును నిలిపి వాక్యమును నడపుదురు. వాన కురియుటకును ‘ఇట్’ కావలయును, ప్రొద్దు గ్రుంకుటకును ‘ఇట్’ కావలయును. ‘పోవుట మంచిది’ యనుటకు ముందుగా ‘ఇట్’ నిలిపి, విశేషణమును జెప్పి, తుదకు తుమర్థకమును దెత్తురు. ఈ ‘ఇట్టు’నకు స్వార్థము లేదు. ఇల్లు కట్టునపుడు గోడ కెత్తిన పరంజి వంటిది. ఇల్లు చూడవచ్చినవారికి పరంజి చూపుట యెట్టిదో, దీనిని ‘అది’ యని తెనుఁగు చేయుట యట్టిది. ఇంతవఱకుఁ బండితు లెల్లరు నెఱుఁగుదురు, ‘అది’ని గొట్టివేయుదురు. చిక్కు ‘అది’తోఁ దీఱదు.

ఆంగ్లేయులును బూర్వ మిట్లు పలుకలేదు. ‘మీథింక్స్’ అను మాట షేక్స్పియరు నాటకములు చదివినవారి కెల్లఁ దెలిసినదే. అది ‘నేను తలఁతును’ అనుట కాదు. ‘నాకుఁ దోఁచును’ అనుట. అందలి ‘మీ’ కర్త గాదు, మన కువర్ణకపు షష్ఠి వంటిది. ‘థింక్స్’ కూడఁ దలఁచు క్రియ కాదు, తోఁచు క్రియ. ‘ఇఫ్ యూ ప్లీజ్’ అనుదానిలోని ‘యూ’ సైతము తొలుతఁ గర్త గాక ‘నీకు సమ్మతమైనచో’ అను నర్థముననే యుండెడిది. ఆంగ్లభాష నామపదముల విభక్తిప్రత్యయములఁ బోఁగొట్టుకొనిన పిదప నీ షష్ఠులు ప్రథమలుగా మాఱినవి; మాఱనిచోట నూఁతపదము వచ్చి నిలిచినది. తెనుఁగునకు విభక్తులు పోలేదు గనుక నూఁత యవసరము లేకపోయినది. ‘నాకుఁ దోఁచును, నాకు నచ్చును, నాకు వలయును’ అని నేఁటికి ననుచున్నాము.

ఈ విషయమును విమర్శించుటకు బందరు తగినచోటు. 1841లో వచ్చిన రాబర్టు నోబులు 1843లో నిచ్చట నెలకొల్పిన పాఠశాలయే పిదప నోబులు కళాశాల యైనది. కృష్ణాతీరమున నాంగ్లవిద్యకు మొదటి మొలక యదియే యనవచ్చును. అంతకు ముందే, 1820ల నడుమ, సి. పి. బ్రౌను బందరున నుద్యోగము చేసెను. అతని తెలుఁగు వ్యాకరణము 1840లో వెలువడి 1857లో రెండవకూర్పు పొందినది. నోబులును బంపిన సంఘమునకే చెందిన మతబోధకుఁడు ఎ. హెచ్. ఆర్డెను బందరున నుండి తెలుఁగు నభ్యసించి, 1873లో ‘ప్రోగ్రెస్సివ్ గ్రామరు’ను బ్రకటించెను. ఈ గ్రంథము పెక్కు కూర్పులు పొంది, యిరువదవ శతాబ్దియందును దొరలకుఁ దెలుఁగు నేర్పినది. దానిలోఁ దొలుత లిపి, పిదప లోకవ్యవహారపు భాష, తుదను గ్రంథభాష యని మూఁడు భాగము లుండుట గమనింపఁదగినది. గ్రాంథిక వ్యావహారిక వివాదము చెలరేఁగుటకు నించుమించు నలువదియేండ్లకు ముందే, గిడుగు రామమూర్తిపంతులుగారు కలము పట్టక మునుపే, బందరు వీథులలో వినఁబడు తెలుఁగును వేఱుగా నిలిపి సూత్రించిన గ్రంథమిది. ఆ గౌరవము దాని కీయవలసినదే.

అయినను ఆర్డెను త్రోవ దొర నడచు త్రోవ. దొరకు ‘ఫర్ హిమ్ టు గో’ అనుదాని యర్థము పుట్టుకతోఁ దెలియును. తెలియనిది తెలుఁగురూపము మాత్రమే. కావున ఆంగ్ల మిదియైనచోఁ దెలుఁగిది యని చూపినఁ జాలును. తెలుఁగు బాలునికిఁ దెలుఁగురూపము పుట్టుకతోఁ దెలియును. తెలియనిది ఆంగ్లవాక్యపు లోపలి యర్థము. ఒకే త్రోవను రెండువైపులనుండి నడచినఁ గనఁబడు గుర్తులు వేఱు. దొరల వ్యాకరణములనుండియు నిఘంటువులనుండియు ‘టు’ యనఁగా ‘కు’, ‘ఫర్’ అనఁగా ‘కొఱకు’ అను సమీకరణములు మన తరగతిగదులలోనికి దిగివచ్చినవి. దొరచేతిలో నవి సాధనములు, బాలునిచేతిలో గంతలు. పైఁగా నట్టి వ్యాకరణములలో ‘వలెను, వచ్చును, కూడదు’ మొదలగునవి తుమర్థకముతో నొకచోట, ధాతుజ విశేషణము వేఱొకచోట, ‘అని’ మఱియొకచోటఁ జెప్పఁబడును. నేర్చుకొనుటకు నా విభాగము మంచిదే. అనువాదమున నీ మూఁడును నొక్కసారిగాఁ దలపడును.

తెలుఁగునం దకర్తృకక్రియ యెట్లుండునో ముందుగాఁ జూడవలయును. ‘నాకు నీరు వలయును’ అనుచోఁ గోరువాఁడు షష్ఠియందున్నాఁడు. ‘నేను పోవలయును’ అనుచో నదే క్రియకు ముందు ప్రథమ వచ్చినది. ఇది విరుద్ధముగాఁ దోఁచునుగాని విరుద్ధము గాదు. ‘నేను పోవలయును, నీవు పోవలయును, వారు పోవలయును’ అని పురుషవచనములు మాఱినను ‘వలయును’ మాఱలేదు. ‘నేను’ వలయునకుఁ గర్త యైనచో నది ‘నేను’ను వెంబడింపవలసియుండెను. కావున నిచ్చటి ప్రథమ తుమర్థకమగు ‘పోవ’ అనుదానిది. ‘నేను పోవ’ అనునంతయు నొక ముద్దయై వలయునకు లోఁబడినది. ఇదియే నిజమైన యకర్తృకవాక్యము. దీనికి ‘ఇట్టు’తోఁ బనిలేదు. ‘నాకుఁ బోవలయునని యున్నది’ యన్నపుడు మరల షష్ఠి వచ్చుట చూడుఁడు: అచ్చట షష్ఠి ‘ఉన్నది’ యనుదానికిఁ జెందినది, అర్థము విధి గాక కోరిక.

ఇంకొక విశేషము. ‘పోఁగలఁడు, పోఁగలరు, పోఁగలను’, ‘పోఁజాలఁడు, పోఁజాలరు’, ‘పోనేర్చెను, పోనేర్చిరి’: ఇవి కర్తను వెంబడించును. ‘పోవలయును, పోవచ్చును, పోరాదు, పోఁగూడదు’: ఇవి వెంబడింపవు. రెండుతరగతులకును నడుమ గీఁత యెక్కడఁ బడినదో గమనించినచో నాశ్చర్యము గలుగును. శక్తి కర్తయందుండునది, అది కర్తను వెంబడించినది. విధియు, అనుమతియు, నిషేధమును కర్తకు వెలుపలినుండి వచ్చునవి. అవి కర్తను లెక్కసేయలేదు. ఆంగ్లమునను సరిగా నిట్టిదే యొక గీఁత గలదు: ‘హి ఈజ్ ఏబుల్ టు గో’ యన్నచోఁ గర్త ‘హి’, ‘ఇట్ ఈజ్ నెసెసరీ ఫర్ హిమ్ టు గో’ యన్నచో నూఁతపదము. రెండుభాషలును వేర్వేఱు దారుల నొకేచోటికి వచ్చినవి. ‘పాజిబుల్’ అనునది మాత్ర మాంగ్లమున నకర్తృకము. దానిని ‘పోఁగలఁడు’ అనవలయునో ‘పోవచ్చును’ అనవలయునో ప్రకరణము చెప్పవలయును. ఏటికి వఱద తగ్గినందున దాఁట సాధ్యమైనచో ‘దాఁటవచ్చును’. ఈఁత నేర్చినందున సాధ్యమైనచో ‘దాఁటఁగలఁడు’.

ప్రధానవాక్యమున నిట్లు తెలుఁగు ఆంగ్లమునకు లోఁబడినది కాదు. కొన్నియెడల మించినది కూడ. మొదట నెత్తిన వాక్యమునే చూడుఁడు. ‘అతఁడు పోవుట మంచిది’ యనఁగా నతని పోక మంచిది, ఎవరికి మంచిదో చెప్పలేదు. ‘పోవుట యతనికి మంచిది’ యనఁగా మేలు పొందువాఁ డతఁడు. ఆంగ్లమున నీ రెండును నొకే వాక్యములో నడఁగియున్నవి. విడఁదీయుటకు వేఱుమాటలు కావలయును. తెలుఁగున నొక్క విభక్తి చాలును.

ఉపవాక్యమునఁ గథ మాఱును. ఈ విమర్శనమున కసలు విషయమదియే.

దివిసీమనుండియే యుదాహరణము తీసికొనవచ్చును. పులిగడ్డయొద్దఁ గృష్ణ పాయలుగాఁ జీలి, యొకపాయ హంసలదీవియొద్ద సముద్రమును జేరును. నడుమనున్న లంకభూమి దివిసీమ. సముద్రపుఁ జేరువ పల్లెలలోఁ బెక్కుచోట్ల బావినీరు ఉప్పన. కాలువనీటితోఁ జెఱువు నింపుకొని త్రాగుట యలవాటు. 1855 నాఁటికి బెజవాడ యానకట్ట పూర్తియై కాలువలు పాఱిన పిదపఁ బైరున కెంత మేలు గలిగెనో త్రాగునీటికిని నంత మేలు గలిగినది. ఆ సీమవాని నోట నీటినిగూర్చిన మాటలు వినుఁడు: ‘త్రాగు నీరు’, ‘త్రాగ నీరు లేదు’, ‘త్రాగవలసిన నీరు’, ‘త్రాగఁదగిన నీరు’, ‘త్రాగరాని నీరు’. ఆంగ్లమున నివియన్నియు ‘వాటర్’ అనుదానికిఁ బిమ్మట నొక విశేషణమును, ‘టు డ్రింక్’ అను తుమర్థకమును జేర్చిన రూపములు. లేదా ‘విచ్ ఇట్ ఈజ్...’ అని మొదలగు నుపవాక్యములు. తెలుఁగున నన్నియు ధాతుజ విశేషణములు, ఒక్క ‘త్రాగ నీరు లేదు’ తప్ప. ‘ఏ నీరు త్రాగుటకుఁ దగియున్నదో ఆ నీరు’ అని వ్రాయు విద్యార్థి తప్పు వ్రాయలేదు. కాని దివిసీమలో దప్పిగొన్నవాఁ డెవ్వఁడు నట్లడుగఁడు. మూఁడక్షరముల ‘తగిన’ చేయు పనిని ఆఱుమాటలచేఁ జేయించుట భాషకు వెట్టి.

ఈ విధముననే ‘అది యవసరమైనయెడలఁ బోవుటకు’ అనుదానికి ‘పోవలసివచ్చినచో’. ‘అది సాధ్యముకాక పూర్వము దాఁటుటకు’ అనుదానికి ‘దాఁట వీలుపడకమున్ను’. ‘చెప్పుటకు ఏది యుక్తమో దానికంటె నెక్కువ’ యనుదానికి ‘చెప్పఁదగినదానికంటె మిన్నగా’. ‘ఎంతవఱకు సాధ్యమో అంతవఱకు’ అనుదానికి ‘శక్యమైనంత’. ప్రశ్నార్థకపు టుపవాక్యము వచ్చినచో నోకారము చాలును: ‘ఏమి చేయఁదగునో యెఱుఁగఁడు.’ ఆంగ్లమున ‘వాట్ టు డు’ అని మూఁడుమాటలే, విధివాచకము పలుకఁబడలేదు. తెలుఁగున ‘ఏమి చేయుటకో తెలియదు’ అన్నఁ బ్రయోజనమున కైన సందేహము. ‘ఏమి చేయవలయునో తెలియదు’ అన్నఁ గర్తవ్యమున కైన సందేహము. ఆంగ్లతుమర్థకమున నడఁగియున్న ‘వలయు’ను వెలికిఁ దీసి పలుకనిచోఁ దెలుఁగువాక్యము వేఱర్థము నిచ్చును.

ధాతుజ విశేషణమున కున్న యీ బలమునందే యొక బలహీనతయుఁ గలదు. దానికిఁ దన విశేష్యముతో నెట్టి సంబంధమో చెప్పు గుర్తు లేదు. ప్రధానవాక్యమునఁ గర్తను వెంబడించు క్రియలకును వెంబడింపనివాటికిని నున్న భేద మిందు మాయమగును. ‘పోఁగలఁడు’, ‘పోవలయును’ అని వేఱుపడిన రూపములు ‘పోఁగల’, ‘పోవలసిన’ యని యొకే యచ్చున దిగినవి. ‘పంపవలసిన మనిషి’ యన్నచో మనిషి పంపువాఁడో, పంపఁబడువాఁడో? ఆంగ్లమున ‘హూ’ యనియు ‘హూమ్’ అనియు నొక యక్షరము తేడాతో నిది తేలును. తెలుఁగున ‘కరణము పంపవలసిన మనిషి’ యనియు, ‘కరణమును బంపవలసిన మనిషి’ యనియు లోపలి కారకమును జెప్పినఁ గాని తేలదు. ఇది సామాన్యపుఁ జిక్కు గాదు. ‘ఈయవలసిన’ యను మాటనే చూడుఁడు. ‘ఈయవలసిన రూకలు’ అప్పు. ‘ఈయవలసినవాఁడు’ అప్పుపడినవాఁడు కావచ్చును, కాని ‘మొదట నీయవలసినవాఁడు రామయ్య’ యన్నపుడు ఋణదాతయుఁ గావచ్చును. గుడివాడ ప్రాంతపు రైతు శిస్తుకాగితములో, కవులుపత్రములో నిట్టివాక్య మొకటి యాంగ్లమునుండి తెలుఁగైనచో నెవరు చెల్లింపవలయునో న్యాయవాది వచ్చి చెప్పవలసియుండును. అట్టిచోట ‘తాను’, ‘తనకు’, ‘వలన’ మొదలగు పదమొకటి చేర్చుట యలంకారము గాదు, అవసరము. ‘రామయ్యకు నీయవలసినవాఁడు’ అన్న వెంటనే సందేహము విడిపోవును.

‘రాని’ యను మాటయం దింకను గట్టి చిక్కున్నది. ‘చెప్పరాని బాధ’ యనఁగాఁ జెప్పుటకు శక్తి చాలని బాధ. ‘చెప్పరాని మాట’ యనఁగాఁ జెప్పుటకు శక్తి యున్నను జెప్పఁగూడని మాట. ఆంగ్లమున మొదటిది ‘ఇంపాజిబుల్ టు టెల్’, రెండవది ‘ఇంప్రాపర్ టు టెల్’, విశేషణములే వేఱు. తెలుఁగున విశేష్యమును జూచి చదువరి నిర్ణయించుకొనవలయును. బాధ, మాట వంటి పరిచిత పదములకు నిర్ణయము సులభము. ‘దాఁటరాని రేవు’ అన్నచోనో? లోతుచేతనా, యాజ్ఞచేతనా? 1864 నవంబరు 1వ తేది రాత్రి యుప్పెన బందరును ముంచినది. 1977 నవంబరు 19వ తేది యుప్పెన దివిసీమను ముంచినది. రెండుమాఱులును వేలకొలఁది ప్రాణములు పోయినవి. అట్టి తీరమునఁ ‘గట్ట దాఁటరాదు’ అను హెచ్చరిక ‘దాఁట శక్యము గాదు’ అని యొకనికిని, ‘దాఁటుట నిషిద్ధము’ అని మఱియొకనికిని వినఁబడుట మాటలతగవుగా మాత్రమే యుండదు. మొదటిదానిని నమ్మనివాఁడు ప్రయత్నించి చూచును. రెండవదానిని విన్నవాఁడు నిలుచును. ‘దాఁటఁగూడదు’ అన్నచో నిషేధమే. ‘దాఁట వలనుపడదు’ అన్నచో నశక్యతయే. రెండును దెలుఁగులో నుండఁగా ‘రాదు’ అనుటయే చాలునని తృప్తిపడుట యనువాదకుని సోమరితనము.

సంస్కృతము చదివిన పండితు లీచోటఁ దమ చేతనున్న సాధనమును మఱచుట వింతగానున్నది. తవ్య, అనీయ, య యను కృత్యప్రత్యయము లీ పనికే పుట్టినవి. పేయము, అపేయము, పఠనీయము, గంతవ్యము అనునవి విశేషణమును దుమర్థకమును నొక్కపదములోఁ గూర్చినవి. పైఁగా నవాచ్యము వేఱు, అనిర్వచనీయము వేఱు: ‘చెప్పరాని’ యనుదానిలోఁ గలిసిపోయిన రెండర్థములును నిచ్చట విడివిడిగా నిలిచినవి. ఆంగ్లపు టుపవాక్యమున నీ భేదము ముఖ్యమైనచోఁ దత్సమము వాడుట యాడంబరము గాదు. ముఖ్యము గానిచోఁ ‘బేయజల’మని వ్రాయుట మాత్రము దివిసీమ చెఱువుగట్టున నిలిచి సంస్కృతము పలుకుటయే.

ఇఁక విశేషణముల సంగతి. ఆంగ్లము తన విశేషణముల నన్నిటిని నొక్క మూసలోఁ బోయును: విశేషణము, ‘టు’, క్రియ. ‘ఈ పడవ ఈజీ టు రో’ యనియు, ‘పడవవాఁడు ఈగర్ టు రో’ యనియు, ‘ఈ పడవ ఫిట్ టు రో’ యనియు నన్నచో మూసయొక్కటే. మొదటిదానిలో సులువు పడవది కాదు, నడపుటది. రెండవదానిలో నుత్సాహము నడపువానిది. మూఁడవదానిలో యోగ్యత నిజముగాఁ బడవదే. తెలుఁగు వీనిని వేఱుగా నుంచును: ‘ఈ పడవను నడపుట సులువు’, ‘పడవవాఁడు నడప నుత్సహించుచున్నాఁడు’, ‘ఈ పడవ నడపుటకుఁ దగినది’. మొదటిదానిలోఁ బడవ ద్వితీయలోనే యుండి కర్మత్వమును విడువలేదు. మూఁడవదానిలోఁ బ్రథమ కెక్కినది. ఇట్టి భేదమును 1960 దశకమునఁ జామ్స్కీ చర్చించినపుడు పాశ్చాత్యశాస్త్రజ్ఞులకది గొప్పవిషయమైనది. ఒకే యచ్చునఁ గనఁబడు వాక్యముల యడుగున వేఱు నిర్మాణము లుండునని చూపుటకు వారు దానిని దృష్టాంతముగాఁ గొనిరి. బందరు రేవులోఁ బడవ నడపువాని కది విభక్తిలోనే తెలియుచున్నది.

అయినను ‘ఈ పుస్తకము చదువుటకు సులభమైనది’ యను ప్రయోగము నేఁడు తఱచైనది. దీనిని దప్పని కొట్టివేయుటకుఁ బూర్వ మొకమాట యాలోచింపవలయును. ‘అనువు, తగు, చాలు’ వంటివి కువర్ణకమును గ్రహించుట ప్రాచీనము: ‘వ్రాయుట కనువైన తాటాకు’ శుద్ధమైన తెలుఁగు. ‘సులభము’ను నీ తరగతిలోఁ జేర్చి ‘చదువుట కనువైనది’ యను నర్థమున వాడుచున్నారేమో. అట్లైనచో సహింపవచ్చును. ‘ఈ ప్రశ్న చెప్పుటకుఁ గష్టమైనది’ యనుటను సహింపరాదు. కష్టము ప్రశ్నకు గుణముగాఁ గుదురదు, చెప్పుటకే కుదురును. ఉపవాక్యమున ‘చెప్పుట కష్టమైన ప్రశ్న’ యన్నచో నెవ్వరికి నభ్యంతర ముండదు. ఈ గీఁత సన్ననిదే. కాని చెవి దానిని గుర్తించును.

ఇఁక నాలవ జాతి యొకటి కలదు. ‘ఇట్ ఈజ్ కైండ్ ఆఫ్ హిమ్ టు కమ్.’ ఇచ్చట ‘ఫర్’ గాక ‘ఆఫ్’ వచ్చినది. విశేషణము వచ్చుటను గాక వచ్చినవానిని బొగడుచున్నది. ‘అతని యొక్క వచ్చుట దయగలది’ యని వ్రాయువాఁడు ‘ఆఫ్’నకు లొంగినాఁడు. తెలుఁగుమర్యాద వేఱు: ‘వచ్చుట వారి మంచితనము’, లేక యింకను సహజముగా ‘దయచేసి వచ్చిరి’. విశేషణము క్రియలోఁ గరఁగిపోయినది. ‘ఐ ఫౌండ్ ఇట్ హార్డ్ టు క్రాస్’ అనుదానిలోఁ గర్మస్థానముననున్న ‘ఇట్’ను ‘దానిని’ యని తెచ్చి ‘దాఁటుటకు దానిని గష్టముగాఁ గనుఁగొంటిని’ యని వ్రాయుట యీ జాతి తప్పులకెల్లఁ దలమానికము. ‘దాఁటుట కష్టమాయెను’ అన్నఁ జాలును. అభిప్రాయమును జెప్పవలసినచో ‘అని’ యున్నది.

ఇవన్నియు గ్రాంథికమునకు మాత్రమే చెందినవని యెవరైన ననుకొందురేమో. ‘పోవలయును’ వాడుకలో ‘పోవాలి’ యైనది, ‘పోవలసిన’ ‘పోవాల్సిన’ యైనది. ధ్వని తగ్గినదిగాని వాక్యపుఁ గట్టు సడలలేదు. ‘నేను పోవాలి, వాళ్ళు పోవాలి’ యని నేఁటికిని బురుషభేదము లేదు. గ్రాంథికవాదులును వ్యావహారికవాదులును రూపములకై యెన్నో యేండ్లు వాదించిరి; ఈ కట్టుమీఁద వారికి వివాదము లేకుండెను, కావున దాని నెవ్వరును విప్పి చూపలేదు. చేకూరి రామారావు ‘తెలుఁగు వాక్యము’ 1975లోను, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి వ్రాసిన ఆధునికాంధ్ర వ్యాకరణము 1985లోను వెలువడిన పిదపనే వాక్యమునకు శాస్త్రమునఁ జోటు దొరికినది. ఆ విచారము పాఠశాలా పండితుని బల్లమీఁదికి రావలసినంతగా రాలేదు. తరగతిలో నింకను సూత్రము బాలవ్యాకరణమునుండియు, అభ్యాసము ఆంగ్లవ్యాకరణమునుండియు వచ్చుచున్నవి. నడుమనున్న కందకము విద్యార్థి తనంతఁ దాను దాఁటవలసినది.

ఆర్డెను గ్రంథమును దిరుగవేసి చదువుట యొక యుపాయము. ఆతఁడు దొరకుఁ జూపిన తెలుఁగు వాక్యమునొకదానిని దీసికొని, ఆంగ్లమును మూసిపెట్టి, విద్యార్థిని మూఁడు ప్రశ్న లడుగవలయును: విశేషణ మెవరిది, చేయుటదా, చేయువానిదా, వస్తువుదా? చేయువాఁ డెవఁడు? తెలుఁగుక్రియ యతనిని వెంబడించునా? వీని కుత్తరము చెప్పఁగల్గినవాఁడు ‘అతని కొఱకుఁ బోవుట మంచిది’ యని వ్రాయఁడు. ‘అతఁడు పోవుట మంచిది’ యని వ్రాసి, కొంచెమాగి, ‘ఎవరికి మంచిది?’ యని గురువునే తిరిగి ప్రశ్నించును.